టర్బో కారులో ఎవరికీ కనపడకుండా ఆల్కహాల్ ఇంజెక్షన్: అపోహలు, వాస్తవాలు

నేను పనిచేసే షాపు డాలస్ పక్కన, టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) ఉన్న కార్ల పనే ఎక్కువ. గోల్ఫ్ జీటీఐలు, ఆడి ఎస్4లు, సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్‌లు, అప్పుడప్పుడూ ఒక 1987 బ్యూక్ గ్రాండ్ నేషనల్. వచ్చేవాళ్ళలో మనోళ్ళూ బానే ఉంటారు, అందరి కోరికా ఒకటే, "అన్నా, మెథనాల్ కిట్ పెట్టాలి కానీ బానెట్ ఎత్తినా ఎవడికీ తెలీకూడదు". మెథనాల్ అంటే ఒక రకం ఆల్కహాల్, దాన్ని ఇంజన్‌లోకి పోయే గాలిలో చిమ్మేదే ఈ కిట్. పెట్టొచ్చు. కానీ దీని మీద తిరిగే మాటల్లో సగం తప్పే, అందుకే రాస్తున్నా.

అపోహ: కారు పెట్రోలు బదులు ఆల్కహాల్ మీద నడుస్తుంది.

లేదండీ, నడిచేది పెట్రోలు మీదే. టర్బో గాలిని నొక్కినప్పుడు ఆ గాలి వేడెక్కుతుంది, ఇంటర్‌కూలర్ కొంతే చల్లబరుస్తుంది, అంత వేడి గాలితో సిలిండర్‌లో స్పార్క్ దగ్గర మొదలైన మంట చేరేలోపే మిగతా మిశ్రమం తనంతట తనే పేలిపోతుంది, అదే నాకింగ్. అందుకని బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి) ఒక లెవెల్ దాటాక నీళ్ళు, మెథనాల్ కలిపిన ద్రావణాన్ని సన్నటి తుంపరగా ఆ గాలిలోకి కొడతాం. కిలో పెట్రోలు ఆవిరవ్వాలంటే సుమారు 350 కిలోజౌల్స్ వేడి లాక్కుంటుంది, మెథనాల్ 1100, నీళ్ళు 2250. చల్లబరిచేది అదన్నమాట, పైగా మెథనాల్‌కి నాకింగ్‌ని ఆపే గుణం కూడా ఎక్కువే. మామూలుగా సిటీలో తిరుగుతుంటే పంపు అసలు ఆన్ అవ్వదు.

కిట్ బిగించగానే పవర్ పెరుగుతుందని అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. పెరగదు. ట్యూన్‌లో, అంటే ఇంజన్ కంప్యూటర్ సెట్టింగుల్లో, టైమింగ్ (స్పార్క్ పడే వేళ) ముందుకి జరిపి బూస్ట్ పెంచితేనే పెరుగుతుంది, ఉత్తి తుంపర కొడితే ఒక్కోసారి తగ్గుతుంది కూడా.

అపోహ: ఇదంతా ఈ కాలం కుర్రాళ్ళ పిచ్చి.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ యుద్ధ విమానాల్లో సగం మెథనాల్, దాదాపు సగం నీళ్ళు, కొంచెం తుప్పు నిరోధకం కలిపి కొట్టేవాళ్ళు. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కంపెనీ నుంచే ఇలా వచ్చింది, 3.5 లీటర్ల వీ8 టర్బో, ఆ ద్రావణానికి ఒక విడి ట్యాంకు. ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్ దానంతటదే తగ్గిపోయేలా లోపల ఒక వాల్వ్ పెట్టారు, అప్పట్లోనే! ఓనర్లు నింపడం మానేసి కారు లాగట్లేదని గోల పెడితే డీలర్లు చాలా కార్లకి టర్బోనే పీకేశారు, అది వేరే కథ. 2016 బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్‌లో అయితే ఉత్త నీళ్ళే.

అపోహ: దాచడమే కష్టమైన పని.

దాచడం తేలిక, ఓపిక ఉంటే చాలు. తుంపర కొట్టే నాజిల్‌ని ఇంటర్‌కూలర్ తర్వాత, థ్రాటిల్ బాడీకి (ఇంజన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే తలుపు) ముందు, పైపుకి అడుగు వైపున పెడితే పైనుంచి చూసేవాడికి కనపడదు. పైపు మాత్రం కారులోంచి విప్పి బయట పెట్టి డ్రిల్ చెయ్యాలి, కారులో ఉండగానే చేస్తే అల్యూమినియం పొట్టు నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. నైలాన్ ట్యూబుని ఒరిజినల్ వైరింగ్ మీద ఉండే నల్ల తొడుగులోనే కలిపి లాగేస్తే ఫ్యాక్టరీ వైరనుకుంటారు, ఎగ్జాస్ట్ వేడికి మాత్రం దూరంగా. ఆ ట్యూబుని కటింగ్ ప్లయర్‌తో కొయ్యకండి, కొస నొక్కుకుపోయి ఫిట్టింగ్ దగ్గర చెమ్మ పడుతుంది, బ్లేడుతో తిన్నగా కొయ్యాలి. పంపు బంపర్ వెనక, ట్యాంకు మట్టం కన్నా కింద. కొందరు ఇంకా లోపల దాచమని నాజిల్‌ని మానిఫోల్డ్‌లో, అంటే థ్రాటిల్ దాటాక గాలిని సిలిండర్లకి పంచే గొట్టాల్లో, పెట్టమంటారు. అక్కడ ఐడిల్‌లో (బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) వాక్యూమ్ ఉంటుంది, లైన్‌ని మూసి ఉంచే చెక్ వాల్వ్ గానీ సాలినాయిడ్ గానీ లేకపోతే ట్యాంకులోది మెల్లగా ఇంజన్‌లోకి లాగేసుకుంటుంది. సిగ్నల్ దగ్గర కారు గుటుక్కు గుటుక్కుమని ఆగుతుంటే ముందు చూడాల్సింది అక్కడే.

అపోహ: వాషర్ ట్యాంకు వాడుకుంటే ఇక ఎవడికీ అనుమానం రాదు.

అనుమానం రాదు, నిజమే. ఇక్కడ మైనస్ 20 ఫారెన్‌హీట్ అని రాసి ఉండే నీలం వాషర్ ఫ్లూయిడ్‌లో చాలావరకు మూడో వంతు దాకా మెథనాలే, పురుగు మరకలు పోయేవీ వాన నీళ్ళు జారిపోయేవీ కాకుండా సాదాది వాడితే దాంతోనే నడిపేసేవాళ్ళు బోలెడు మంది. కానీ అద్దం మీద కొట్టిన ప్రతిసారీ ఇంజన్ వాటా తరుగుతుంటుంది. అందుకే ద్రావణం తగ్గిందని చెప్పే లెవెల్ స్విచ్ అడుగున కాదు, బాగా పైన పెట్టాలి. ఇంక సగానికి సగం మెథనాల్ పోసి అదే ట్యాంకుతో అద్దం కడిగితే ఆ ఆవిరి ఏసీ వెంట్లలోంచి లోపలికొస్తుంది, వెనక సీట్లో పిల్లలుంటారు. ఘాటు మిశ్రమం కావాలంటే విడి ట్యాంకే. డిక్కీలో పెడితే మూత గట్టిది, గాలి గొట్టం కారు బయటికి.

అపోహ: డీలర్ కనిపెట్టలేడు.

నాజిల్‌ని కనిపెట్టలేకపోవచ్చు. ట్యూన్‌ని కనిపెడతాడు. ఫోక్స్‌వాగన్, ఆడి వాళ్ళయితే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మార్చినట్టు తెలిస్తే రికార్డులో టీడీ1 అని గుర్తు పెడతారు. 1975 నాటి అమెరికా మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం బయటి పార్టు ఉందన్న ఒక్క సాకుతో వారంటీ కొట్టెయ్యడానికి లేదు, కానీ పిస్టన్ కరిగితే ఆ చట్టం మిమ్మల్ని ఆదుకోదు. వారంటీ మోసానికో, రేసు ముందు చేసే టెక్ తనిఖీలో దొంగాటకో దాచమంటే నేను చెయ్యను. కాలిఫోర్నియాలో ఉన్నోళ్ళు కొనేముందే కిట్‌కి అక్కడి ఈఓ నంబరు (కాలుష్య నియంత్రణ బోర్డు అనుమతి) ఉందో లేదో చూస్కోండి. ఇండియా తమ్ముళ్ళు "మాకు ఈ20 వచ్చింది కదా, అదీ ఆల్కహాలే కదా" అంటారు. అది పెట్రోలులో కలిసొచ్చే ఇథనాల్, ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది, ఇది బూస్ట్‌లోనే పడే తుంపర. పైగా అక్కడ బండిని సొంతంగా మార్చడం మీద ఆంక్షలు పెట్టే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, జాగ్రత్త.

అపోహ: ట్యాంకులో ఉంటే పడుతున్నట్టే.

ఇంజన్లు పోయేది ఇక్కడే. ట్యాంకు నిండుగా ఉంటుంది, నాజిల్ ముందున్న చిన్న జల్లెడలో చెత్త అడ్డం పడుతుంది లేదా పంపు చచ్చిపోతుంది, ట్యూన్ మాత్రం తుంపర వస్తోందనుకుని టైమింగ్ ముందుకి తోస్తుంటుంది. డాష్‌లో కనిపించకూడదని వార్నింగ్ లైటు కూడా వద్దంటారు కొందరు, అదొక్కటి ఒప్పుకోను. యాష్‌ట్రేలో పెట్టండి, స్టీరింగ్ కాలమ్ పక్కన పెట్టండి, కానీ ఉండాలి. దానితోపాటు లైన్‌లో ఫ్లో సెన్సర్, ఫ్లో తగ్గినా పెరిగినా బూస్ట్ కిందికి దింపేసేలా. పెరగడం ఎందుకంటారా, ట్యూబు ఊడితే ఫ్లో పెరుగుతుంది గానీ తగ్గదు. కారు ఇచ్చే ముందు డైనో (కారుని ఉన్నచోటే నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద పంపు కనెక్టర్ పీకేసి బూస్ట్ పడుతుందో లేదో ఓనరుకి చూపిస్తా. నాజిల్‌ని సీసాలోకి కొట్టించి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లో కూడా.

ఇంక "ఆల్కహాలే కదా, చేతి మీద పడితే ఏమవుద్ది" అనేవాళ్ళకి. కల్తీ సారా తాగి కళ్ళు పోయాయి, ప్రాణాలు పోయాయి అని పేపర్లో చదువుతాం కదా, అందులో చంపేది సాధారణంగా ఈ మెథనాలే. చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు, తెరిచిన షట్టరు. దీని మంట పగటి వెలుగులో దాదాపు కనపడదు, మెథనాల్ మీదే నడిచే కార్ల రేసు, 1981 ఇండియానాపొలిస్ 500లో, రేసర్ రిక్ మియర్స్ పిట్‌లో (ఇంధనం నింపే చోట) కాలుతుంటే చుట్టుపక్కల వాళ్ళకి వెంటనే అర్థం కాలేదు. సగం నీళ్ళు కలిపినా అంటుకుంటుంది.

అందుకే నేను చేసిన ప్రతి కారుకీ ట్యాంకు మూత మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, మెథనాల్ అని పెద్దక్షరాలతో. మిగతాదంతా దాచిపెడతా గానీ, రేపు ఆ కారు కింద ఇంకో మెకానిక్ పడుకుని ఆ ట్యూబు ఊడదీస్తాడు, వాడికి తెలియాలి.