‘అయ్యో’ అన్న మాట దగ్గర మొదలైన గొడవ

దాదాపు 1600 నుంచి 1750 దాకా యూరప్‌లో సాగిన బరోక్ గానంలో దుఃఖం గాయకుల గొంతు మీదే ఆధారపడదు. రాసిన స్వరాల్లోనే ఉంటుంది. ఇదేమీ ఊరికే వచ్చిన పద్ధతి కాదు, దీనికోసం పెద్ద గొడవే జరిగింది.

అంతకుముందు చర్చి పాటల్లోనూ, మాడ్రిగల్ అనే బృందగానాల్లోనూ నాలుగైదు గొంతులు వేటి వరుసలో అవి నడిచేవి. ఒక గొంతు ఒక మాట పలుకుతుంటే ఇంకో గొంతు మరో మాట మీద ఉండేది. వినడానికి అద్భుతంగా ఉన్నా అర్థం చెదిరిపోయేది. ఫ్లోరెన్స్‌లో జొవాన్ని బార్ది ఇంట్లో కలుసుకునే పండితులకు ఇది నచ్చలేదు. వాళ్లలో ఒకడైన విన్చెంజో గలిలేయి (శాస్త్రవేత్త గెలీలియో తండ్రి) 1581లో ఆ పద్ధతిని తప్పుబడుతూ ఒక గ్రంథమే రాశాడు.

అసలు గొడవ 1600లో ముదిరింది. అర్తూసి అనే సంగీత శాస్త్రజ్ఞుడు ఇటాలియన్ సంగీతకర్త క్లౌదియో మోంతెవెర్ది మాడ్రిగల్స్ మీద విరుచుకుపడ్డాడు. ఆయన ఎత్తి చూపిన వాటిలో ‘క్రూదా అమరిల్లి’ ఒకటి. ప్రేమలో ఓడినవాడు ‘అయ్యో, నా గతి!’ అనే చోట పై గొంతు, బేస్‌తో (అన్నిటికంటే కింద నడిచే వరుసతో) పొసగని స్వరం మీద ఉన్నట్టుండి ఎత్తుకుంటుంది. అక్కడి నుంచి దిగి మళ్లీ పొసగని స్వరం మీదే పడుతుంది. అలాంటి స్వరాన్ని ముందే సిద్ధం చేసి తీసుకురావాలని అప్పటి నియమం. అర్తూసి తన పుస్తకంలో ఆ స్వరాలను అచ్చువేశాడు కానీ కింద సాహిత్యం వేయలేదు. నా దృష్టిలో వివాదమంతా ఇక్కడే ఉంది. మాట తీసేస్తే ఆ స్వరం తప్పే. మాటతో కలిపి వింటే గుండెలోంచి తన్నుకొచ్చిన నిట్టూర్పు.

మోంతెవెర్ది 1605లో క్లుప్తంగా జవాబిచ్చాడు. 1607లో ఆయన తమ్ముడు దాన్ని వివరించాడు: సంగీతానికి మాట యజమానురాలు కావాలి, దాసి కాదు.

ఆ సిద్ధాంతం పండిన చోటు 1638లో అచ్చయిన మోంతెవెర్ది ‘వనదేవత విలాపం’. బేస్‌లో నాలుగే స్వరాలు. మెట్టు మెట్టుగా దిగుతాయి, మళ్లీ మొదటికొస్తాయి, చివరిదాకా అదే వరస. ప్రియుడు వదిలేసిన ఆ అమ్మాయి గొంతు మాత్రం ఆ చట్రంలో ఇమడదు. బేస్ ఒక చుట్టు ముగించినా ఆమె వాక్యం ముగియదు. చేతి తాళాన్ని బట్టి కాకుండా మనసులోని భావాన్ని బట్టి ఆమె పాడాలని మోంతెవెర్ది స్వయంగా సూచన రాశాడు. ఇంగ్లండ్‌లో హెన్రీ పర్సెల్ రాసిన, ప్రియుడు విడిచిపోయిన రాణి డైడో విలాపంలోనూ ఇలాగే దిగే బేస్ మళ్లీ మళ్లీ వస్తుంది.

తర్వాతి తరాలు దీన్ని శాస్త్రంగా మలిచాయి. మనసులోని ఆవేశాల గురించి ఫ్రెంచ్ తత్వవేత్త దెకార్త్ 1649లో రాసిన గ్రంథం దీనికి ఊతమిచ్చింది. సంతోషంలో మనసు విచ్చుకుంటుంది కాబట్టి స్వరాల మధ్య దూరం పెద్దదిగా, దుఃఖంలో ముడుచుకుంటుంది కాబట్టి చిన్నదిగా ఉండాలని జర్మనీలో మాత్తెసోన్ అనే సంగీత శాస్త్రజ్ఞుడు 1739లో సూత్రీకరించాడు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. భావం స్వరాల్లోనే స్థిరపడితే, మాట మార్చినా ఆ స్వరాలు పనిచేస్తాయి. జర్మన్ సంగీతకర్త బాఖ్ 1733లో ఒక నాటకీయ గానం రాశాడు. అందులో హెర్క్యులిస్‌ను దారి తప్పించడానికి సుఖదేవత జోలపాట పాడుతుంది. మరుసటి ఏడాది ‘క్రిస్మస్ ఒరటోరియో’ అనే భక్తి గానకథలో అదే పాటను, శ్రుతి మార్చి, బాలయేసుకు జోలగా వాడుకున్నాడు. అది చక్కగా అతికింది, ఎందుకంటే రెండు చోట్లా లాలనే. అదే కాలపు సంగీతకర్త హాండెల్ రచనలో మాత్రం ఒకచోట అతుకు బయటికి కనిపిస్తుంది. 1741లో ‘వద్దు, మిమ్మల్ని నమ్మను’ అని మొదలయ్యే తన ఇటాలియన్ ప్రేమగీతాన్ని ‘మెస్సయ్య’ అనే ఒరటోరియోలో ‘మనకు శిశువు పుట్టెను’ అనే బృందగానానికి వాడాడు. పాత పాటలో ‘వద్దు’ మీద పడిన ఊనిక, ఇంగ్లిష్‌లో మొదట వచ్చే ‘ఫర్’ (ఏలయనగా) అనే చిన్న మాట మీద పడింది. గాయకబృందాలు ఇప్పటికీ ఆ మొదటి మాటను తేలిక చేసి పాడటానికి కష్టపడుతూనే ఉంటాయి.