కందిలో రకం, విత్తనం: అపోహలు - వాస్తవాలు

కంది రకాలు తయారుచేసే పనిలో ఉన్నవాళ్లం ఏ రైతు సదస్సుకు వెళ్లినా కొన్ని మాటలు తప్పకుండా వింటాం. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదాంతో మొదలుపెడతాను.

అపోహ: వరిలాగే కంది విత్తనం కూడా ఏటా సొంత చేలోంచే తీసుకోవచ్చు, రకం మారదు.

వాస్తవం: మారుతుంది. కంది పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు. కానీ తేనెటీగలు ఊరుకోవు, పక్క చేలోని పుప్పొడి మోసుకొస్తాయి. చుట్టుపక్కల ఈగలు ఎక్కువుంటే నాలుగో వంతు గింజలు సంకరం కావడం వింతేమీ కాదు. అందుకే పరిశోధన క్షేత్రంలో మూల విత్తనం (రైతులకిచ్చే విత్తనానికి మొదలైన స్వచ్ఛమైన విత్తనం) మొక్కలకు వల కప్పుతాం. పక్కవాళ్ల చేలో వేరే రకం ఉంటే, నాలుగేళ్లకు మీ సంచిలో మిగిలేది రకం పేరు మాత్రమే. చేనంతా ఒకేసారి కోతకు రాదు, తెగులు తట్టుకునే గుణమూ పలచబడుతుంది. సొంత విత్తనం వద్దనడం లేదు. గట్ల పక్క వరసలు వదిలేసి చేను మధ్యలోంచి తీయండి, పూత రంగు తేడాగా ఉన్న బెరుకులు (వేరే రకం మొక్కలు) కనబడగానే పీకేయండి, మూడేళ్లకోసారి విత్తనం మార్చండి.

అపోహ: తెగులు తట్టుకునే రకమంటే ఏ తెగులూ రాదు.

వాస్తవం: ఏ తెగులుకు అని అడగాలి. మారుతి (ఐసీపీ 8863) ఎండు తెగులును బాగా తట్టుకుంటుంది, వెర్రి తెగులుకు (మొక్కకు పూత, కాయ రాకుండా చేసే వైరస్ తెగులు) మాత్రం లొంగిపోతుంది. 1993లో విడుదలైన ఆశ (ఐసీపీఎల్ 87119) రెండింటినీ తట్టుకుంటుంది. రకం తెగులు తట్టుకుంటుందో లేదో తేల్చే మా పరీక్షలు చూస్తే మీకు నవ్వొస్తుంది. ఎండు తెగులు శిలీంధ్రం నిండిన మడిని మేమే పోషిస్తాం, బతికినవే ముందుకెళ్తాయి. వెర్రి తెగులు వైరస్‌ను మోసేది కంటికి కనబడని నల్లి. కాబట్టి తెగులు సోకిన ఆకును లేత మొక్క ఆకుకు స్టాప్లర్‌తో కుట్టేస్తాం, నల్లి దానంతటదే దాటుతుంది.

హైబ్రిడ్ కంది జన్యుమార్పిడి పంట అనే ప్రచారం కూడా ఉంది. కాదు. కందికి అడవి చుట్టమైన కజానస్ కజానిఫోలియస్‌తో సంకరం చేసి మగ వంధ్యత్వం (పువ్వులో పనికొచ్చే పుప్పొడి లేకపోవడం) తెచ్చారు. అలా వచ్చిందే 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలైన ఐసీపీహెచ్ 2671. తమాషా ఏమిటంటే, మూల విత్తనంలో మేం వల కప్పి ఆపే ఈగలే హైబ్రిడ్ విత్తనం తయారీలో ఆ పువ్వులకు పుప్పొడి మోసే కూలీలు.

ఇక పూత రాలుడు. పది పువ్వుల్లో ఎనిమిది రాలడం కంది సహజ గుణం, దానికి టానిక్కులు కొనకండి. రాలిన పూతను లెక్కపెట్టేకన్నా, గూడు కట్టిన మొగ్గలు విప్పి చూడండి. లోపల మారుకా మచ్చల పురుగు ఉంటే మందు కొట్టాల్సింది అప్పుడే.