నీరటి తాత ఇంటి గొళ్ళెం

చిన్నీకీ బాబీకీ తాత దీవెనలు.

మొన్న ఫోన్ పెట్టేసే ముందు మెల్లగా అడిగావు చూడు చిన్నీ, "మామయ్య దవడలో గడ్డ జీన్ల వల్ల వచ్చిందంట కదా తాతా, మరి నాకూ వస్తుందా?" అని. (జీన్ అంటే కణం ఏం చేయాలో చెప్పే రాత.) అప్పటికే రాత్రి పది దాటింది, నిద్రకళ్ళతో ఉన్నదానివి, సరిగ్గా చెప్పలేకపోయాను. ముందు జవాబు చెప్పేస్తాను, ఆ టెన్షన్ తీసేసి మిగతాది చదువు. మామయ్యకు వచ్చినంత మాత్రాన నీకు రావాలని ఏమీ లేదు. అది ఆయన దవడలో, కొన్ని కణాల్లో, ఆయన పెద్దయ్యాక జరిగిన సంగతి.

ఆ గడ్డ పేరు అమెలోబ్లాస్టోమా. ఆ పేరు పెట్టింది 1930లో. పంటి మీద తెల్లగా రాయిలా ఉండే ఎనామిల్‌ను తయారుచేసే కణాల పేరు నుంచి వచ్చింది. ఆ కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పని ముగించుకుని పోతాయి, అందుకే అరిగిన ఎనామిల్ మళ్ళీ రాదు (బాబీ, రాత్రి బ్రష్ చేయమని అమ్మ అరిచేది ఊరికే కాదు). అయితే ఇల్లు కట్టాక అక్కడక్కడా ఇసుకా కంకరా మిగిలినట్టు, పళ్ళు తయారైన కాలం నాటి కణాలు కొన్ని దవడలో మిగిలిపోతాయి. దాదాపు అందరిలోనూ అవి ఏ గొడవా చేయకుండా పడి ఉంటాయి. ఎవరో ఒకరిలో మళ్ళీ పెరగడం మొదలుపెడతాయి, ఎక్కువగా కింది దవడ వెనక భాగంలో. ఇది సాధారణంగా క్యాన్సర్‌లా ఒళ్ళంతా పాకదు, కానీ ఎముకను లోపల్లోపలే తినేస్తుంది, కాస్త మిగిలినా ఏళ్ళ తర్వాత కూడా తిరిగొస్తుంది. అందుకే డాక్టర్లు గడ్డ చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి ఎముకను కూడా తీసేస్తారు.

మరి "చాలు, ఇక పెరగొద్దు" అని చెప్పేవాళ్ళు ఆ కణాల్లో లేరా? ఉన్నారు. అక్కడే నాకు మా నీరటి తాత గుర్తొచ్చాడు.

మా ఊళ్ళో చెరువు నీళ్ళు ఏ మడికి ఎంత పారాలో చూసే మనిషిని నీరటి అంటారు. మా నీరటి తాత భుజం మీద పార, చేతిలో కందిలి పట్టుకుని రాత్రిపూట కూడా కట్ట మీద తిరిగేవాడు. మడి నిండిందా, తూము మూసేవాడు, అంతే, ఎంత పెద్ద రైతు వచ్చి అడిగినా మళ్ళీ తెరిచేవాడు కాదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, చెరువులో ఈత కొట్టనివ్వడం లేదన్న కోపంతో నేనూ ఇంకో ఇద్దరం కలిసి ఒక వానరాత్రి ఆయన నిద్రపోయాక తలుపుకు బయటినుంచి గొళ్ళెం పెట్టేశాం. గొళ్ళెంలో పుల్ల కూడా దోపాం. నడిరాత్రి లేచి ఆయన ఎంత అరిచినా ఆ వానలో ఎవరికి వినిపిస్తుంది! తెల్లారేసరికి కింది మడుల ఒడ్లు తెగిపోయి, రెండు రోజుల కింద వేసిన నాటు కొట్టుకుపోయింది. అందులో ఒక మడి మాదే. మా నాయన నన్ను కొట్టలేదు, మోకాలిలోతు బురదలో దింపి మళ్ళీ నాటు వేయించాడు. ఆ రోజు నీరటి తాత కూడా ఏమీ అనకుండా నా పక్కనే వంగి నాటు వేశాడు. ఆ మౌనం ఇప్పటికీ మర్చిపోలేను.

చూడండి, ఆ రాత్రి నీరటి చచ్చిపోలేదు, కాలు విరగలేదు, ఆయనకు పని తెలుసు. బయట గొళ్ళెం పడింది, అంతే. మన కణాల్లోనూ ఇలాంటి నీరటి జీన్లు ఉన్నాయి. పి16 అని ఒకటుంది, కణం రెండుగా విడిపోకుండా ఆపడం దాని పని. జీన్ చెడిపోతే, అంటే దాని రాతలోనే తప్పు పడితే, అది నీరటికి కాలు విరిగినట్టు. కానీ ఒక్క అక్షరం కూడా మారకుండానే జీన్ మూగబోవచ్చు. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువులున్న చిన్న గుర్తులు జీన్ మొదట్లో వరసగా అతుక్కుంటే చాలు, కణం ఆ జీన్‌ను చదవడం మానేస్తుంది. దాన్ని మిథైలేషన్ అంటారు. కొన్ని అమెలోబ్లాస్టోమా గడ్డల్లో పి16 తలుపు మీద ఈ గొళ్ళేలే కనిపించాయి.

ఇంకా విచిత్రం ఉంది. కణం రెండుగా విడిపోయేటప్పుడు ఊరు ఊరంతా రెండవుతుంది అనుకోండి. కొత్త ఊళ్ళో ఏ ఇంటికి గొళ్ళెం పెట్టాలో పాత ఊరిని చూసి పెట్టుకుంటూ పోయే పనివాడు ఒకడున్నాడు. వాడు నమ్మకస్తుడు, మంచీ చెడూ అడగడు. నీరటి ఇంటికి పొరపాటున పడిన గొళ్ళేన్ని కూడా అలాగే ప్రతి కొత్త ఊళ్ళోనూ పెట్టేస్తాడు.

వాణ్ణి తిట్టుకోకండి. నీ కంటి కణంలోనూ పంటి కణంలోనూ ఉన్నది ఒకటే డీఎన్ఏ, అంటే జీన్లన్నీ రాసి ఉన్న దారం, సాగదీస్తే రెండు మీటర్ల పొడవు, అందులో దాదాపు 20,000 జీన్లు. కంట్లో పన్ను మొలవడం లేదంటే అక్కడ పంటి జీన్లను చదవకుండా పక్కన పెట్టే ఏర్పాట్లు చాలా ఉన్నాయి, వాటిలో ఈ గొళ్ళేలూ ఒకటి. గొళ్ళెం తీసే మందులు కూడా ఉన్నాయి, అజాసైటిడిన్ అనే మందును 2004లో అమెరికాలో ఒక రక్తపు జబ్బుకు అనుమతించారు. కానీ ఆ మందు ఊళ్ళోకి వెళ్తే నీరటి ఇల్లొక్కటే తెరవదు, మూసి ఉండాల్సిన తలుపులూ తెరుస్తుంది. అందుకే మామయ్య గడ్డకు ఇప్పటికీ కత్తే ముఖ్యమైన వైద్యం.

అంతా గొళ్ళెం తప్పే అనను. 2014లో బీరాఫ్ అనే ఇంకో జీన్‌లో, ఇది తూమును తెరిచే రకం, నిజంగానే అక్షరం మారిపోయిందని చాలా అమెలోబ్లాస్టోమాల్లో కనిపెట్టారు. మామయ్య ఏదో తప్పు చేసి తెచ్చుకున్నాడని మాత్రం ఎవరైనా అంటే నమ్మొద్దు. నోటి క్యాన్సర్ వేరు. అది గుట్కా, ఖైనీ, పొగాకు పెట్టే చిచ్చు, అందులోనూ పి16కు గొళ్ళెం పడడం చాలామందిలో చూశారు. బాబీ, స్కూల్ గేటు దగ్గర ఎవరు ప్యాకెట్ ఇచ్చినా చెయ్యి చాపకు. ఇది తాత మాట.

గొళ్ళెం కంటికి కనిపిస్తుందా అని అడుగుతారేమో. కనిపిస్తుంది. మీ ఇంటి కింద కిరాణా కొట్టులో బియ్యం బస్తాల మీద పడుకునే మూడు రంగుల పిల్లి ఉంది కదా, అది దాదాపుగా ఆడదే అయి ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి దానికి రెండు ఎక్స్ క్రోమోజోములు (జీన్లను మోసే డీఎన్ఏ చుట్టలు) వచ్చాయి, ఒకదాని మీద నారింజ రంగు, ఇంకోదాని మీద నలుపు. తల్లి కడుపులో అది చిన్న ముద్దగా ఉన్నప్పుడే ఒక్కో కణం ఏదో ఒక ఎక్స్‌కు గొళ్ళెం పెట్టేసుకుంది, ఆ కణానికి పుట్టిన పిల్లలన్నీ అదే తలుపు మూసుకున్నాయి. 1961లో మేరీ లయన్ అనే ఆవిడ ఇంగ్లండ్‌లో ఎలుకల రంగులు చూసి ఈ సంగతి చెప్పింది. తెల్ల మచ్చల కథ వేరు, అది ఇంకోసారి.

సాయంత్రం కొట్టుకు వెళ్ళినప్పుడు కాస్త పాలు పోసి దాని పక్కన కూర్చోండి. నలుపు ఎక్కడ ఆగి నారింజ ఎక్కడ మొదలవుతుందో వెంట్రుకలు విడదీసి చూడండి. గోకకుండా చూసుకోండి. ఎన్ని మచ్చలున్నాయో లెక్కపెట్టి నాకు ఫోన్ చేయండి.

మీ తాత