సైనస్‌కు దారి తెరిస్తే చాలు

మన చెంప ఎముక లోపల గాలితో నిండిన ఒక గది ఉంది. అది ఒక సైనస్. అందులో ఊరే పల్చని చీమిడి ముక్కులోకి రావడానికి కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న ద్వారం ఉంటుంది. ఆ ద్వారం గది అడుగున ఉండదు, పైకప్పుకు దగ్గరగా ఉంటుంది. నీళ్లు పల్లానికి పారతాయి కదా, మరి చీమిడి పైకి ఎలా ఎక్కుతుంది? గోడల నిండా కంటికి కనబడనంత సన్నటి నూగు ఉంటుంది. అది మనం నిద్రపోతున్నా ఆగకుండా ఊగుతూ చీమిడిని ఆ ద్వారం వైపే నెడుతుంది.

ఇలాంటి సైనస్‌లు నాలుగు జతలు: చెంపల్లో, నుదుట్లో, రెండు కళ్ల మధ్య, ముక్కు వెనకాల లోతుగా. లోపలి పొర వాచి ద్వారం మూసుకుపోతే చీమిడి నిలవ ఉండిపోతుంది. నిలవ ఉన్నకొద్దీ వాపు పెరుగుతుంది. ముక్కు దిబ్బడ, చిక్కటి చీమిడి, ముఖం బరువుగా ఉండటం, వాసన తెలియకపోవడం వంటి బాధలు 12 వారాలు దాటినా పోకపోతే దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. తలనొప్పి ఒక్కటే ఉంటే మాత్రం తొందరపడి సైనస్ అనుకోకూడదు. అలా అనుకున్నవాళ్లలో చాలామందికి ఉండేది మైగ్రేన్.

పాత ఆపరేషన్లు ఈ నూగు పనిని లెక్కలోకి తీసుకోలేదు. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన కాల్డ్‌వెల్-లూక్ పద్ధతిలో పై పెదవి లోపలివైపు కోసి, ఎముకకు రంధ్రం చేసి, సైనస్ లోపలి పొరను గీకి తీసేవారు. చీమిడి కారిపోతుందని కింది భాగంలో కొత్త కిటికీ పెట్టేవారు. నూగు మాత్రం ఆ కిటికీని దాటేసి చీమిడిని పాత ద్వారం దగ్గరికే మోసుకెళ్లేది! ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వాల్టర్ మెసెర్‌క్లింగర్ అనే డాక్టర్ ఎండోస్కోప్‌తో, అంటే ముక్కు లోపలికి పంపి చూసే సన్నటి గొట్టంతో, ఈ ప్రవాహాన్ని ఏళ్ల తరబడి గమనించారు. సహజమైన దారికి అడ్డు తొలగిస్తే సైనస్ చాలావరకు దానంతట అదే కోలుకుంటుందని చూపించారు. 1985లో అమెరికాలో డేవిడ్ కెన్నెడీ అనే సర్జన్ ఈ పద్ధతికి ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ అని పేరు పెట్టారు. ఆ పేరులో మొదటి మాటే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఫంక్షన్ అంటే పని. సైనస్ తన పని తాను చేసుకునేలా చేయడమే ఈ సర్జరీ ఉద్దేశం.

ఇందులో ముఖం మీద కోత ఉండదు. సుమారు 4 మిల్లీమీటర్ల ఎండోస్కోప్‌ను ముక్కు రంధ్రంలోంచి పంపి, తెర మీద చూస్తూ, పాలిప్స్‌నీ (వాచిన పొర నుంచి పెరిగే మెత్తటి కండల్లాంటివి) దారికి అడ్డొచ్చే పల్చటి ఎముక పొరలనీ తీసేస్తారు. బాగున్న పొరను వీలైనంతవరకు ముట్టుకోరు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. అయితే కోత లేదు కదా అని తేలిగ్గా తీసుకునే ఆపరేషన్ కాదిది. సైనస్‌కూ కంటికీ మధ్య గోడ కాగితమంత పల్చన, పైన మెదడు. అరుదుగానైనా కంటికి దెబ్బ తగలడం, మెదడు చుట్టూ ఉండే ద్రవం కారడం జరగవచ్చు. అందుకే ముందు సిటీ స్కాన్ తప్పనిసరి. సర్జన్‌కు అదే దారి చూపే మ్యాప్.

గుండె రక్తనాళాల్లో వాడే బెలూన్ ఆలోచన 2005లో సైనస్‌లకూ వచ్చింది. సన్నని తీగ మీదుగా చిన్న బెలూన్‌ను ద్వారం దగ్గరికి పంపి, కొన్ని సెకన్లు ఉబ్బించి, దారి వెడల్పు చేసి తీసేస్తారు. చాలాసార్లు మత్తుమందుతో నిద్రపుచ్చకుండా, ఆ చోటు మొద్దుబారేలా చేస్తే సరిపోతుంది. వినగానే అందరికీ ఇదే కావాలనిపిస్తుంది. కానీ కళ్ల మధ్య ఉన్న సైనస్ తేనెపట్టులా చిన్న చిన్న అరలుగా ఉంటుంది, అక్కడ బెలూన్ పనికిరాదు. అది పాలిప్స్‌నూ తీయలేదు. పాలిప్స్ ఉన్నా బెలూన్ చాలంటే, ఎందుకని డాక్టర్‌ను గట్టిగా అడగండి.

తెరిచిన దారి మళ్లీ వాచి మూసుకుపోకుండా వాపు తగ్గించే స్టెరాయిడ్ మందును కొద్దికొద్దిగా వదిలే, కొన్ని వారాల్లో కరిగిపోయే స్టెంట్లు (దారిని తెరిచి ఉంచే చిన్న జాలీలు) 2011 నుంచి ఉన్నాయి. పదే పదే పాలిప్స్ వచ్చేవాళ్లకు 2019లో అమెరికాలో అనుమతి పొందిన డ్యుపిలుమాబ్ ఇంజెక్షన్ మరో దారి.

వీటన్నిటికంటే ముందు కొన్ని వారాల పాటు స్టెరాయిడ్ స్ప్రే వాడి, ఉప్పునీటితో ముక్కు కడిగి చూడాలి. కడిగే నీళ్లు కాచి చల్లార్చినవో, డిస్టిల్డ్ వాటరో అయి ఉండాలి. కుళాయి నీళ్లను నేరుగా వాడితే మెదడును తినే అమీబా ముక్కులోకి చేరే ప్రమాదం ఉంది. అది అరుదే, కానీ దాదాపు ఎప్పుడూ ప్రాణం తీస్తుంది.

ఆపరేషన్ అయ్యాక కూడా ఈ స్ప్రే, ఈ కడగడం ఆపకూడదు. వాపు స్వభావం పొరలోనే ఉంటుంది, కత్తి దాన్ని మార్చలేదు. కాకపోతే ఇదివరకు మూసిన ద్వారం దగ్గరే ఆగిపోయిన మందు ఇప్పుడు నేరుగా ఆ గదిలోకి చేరుతుంది.