మతమా, జీవన విధానమా: తిరుపతిలో మొదలై తిరుమలకే తిరిగొచ్చిన వాదం

2024 సెప్టెంబరు చివర్లో తిరుపతిలో ఎక్కడ విన్నా డిక్లరేషన్ మాటే. మాజీ ముఖ్యమంత్రి జగన్ శ్రీవారి దర్శనానికి వస్తానన్నారు. స్వామి మీద నమ్మకం ఉందని అన్యమతస్థులు పెట్టే సంతకం ఆయనా పెట్టాల్సిందేనని ప్రత్యర్థులు పట్టుబట్టారు. నా మతం మానవత్వం, ఫారంలో అదే రాసుకోండి అని ఆయన బదులిచ్చారు. ఆఖరికి ప్రయాణమే రద్దయింది. సంతకం కావాలని గట్టిగా వాదించినవాళ్లే, మాట ఇంకో వైపు మళ్లగానే, "అసలు మన హిందూధర్మం మతం కాదండీ, జీవన విధానం. సుప్రీంకోర్టే చెప్పింది" అనడం కూడా విన్నాం. మరి జీవన విధానానికి ఫారం ఎందుకని అడిగితే టాపిక్ మారిపోయేది.

సుప్రీంకోర్టు ఆ మాట అన్నది నిజమే. ఎవరి కేసులో, ఏ అవసరం పడి అన్నదో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ మాట కోర్టుకు చేరకముందు నడిచిన దారి మన ఊరి మీదుగానే పోతుంది.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారు. ఆ ఊరు 1960 వరకూ చిత్తూరు జిల్లాలోనే ఉండేది. 1896లో ఆయన్ని తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చేర్చారు. నాలుగేళ్లు ఇక్కడే చదివి, తర్వాత వేలూరు, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లారు. అంటే తిరుపతి నుంచి చదువంతా మిషనరీల దగ్గరే. ఆ సంస్థల్లో హిందూమతాన్ని చిన్నచూపు చూడటం తనను గాయపరిచిందని, ఆ గాయమే తనను మన తత్వశాస్త్రం వైపు నెట్టిందని ఆయన తర్వాత రాసుకున్నారు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు జవాబుగా 1908లో ఎమ్మే థీసిస్ రాశారు. 1926లో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసాల్లో ఇంకో అడుగు ముందుకేశారు: హిందూమతం ఫలానా సిద్ధాంతం అనడం కంటే ఒక జీవన విధానం అనడమే సబబన్నారు. ఈ సంస్కృతిని, జీవన పద్ధతిని ఒప్పుకుంటే ఆస్తికుడూ నాస్తికుడూ ఇద్దరూ హిందువులే కావచ్చన్నారు.

ఎదుటివాడి కొలతకు లొంగకుండా చెప్పిన జవాబు అది. ఒక గ్రంథం, ఒక ప్రవక్త, ఒక విశ్వాస ప్రకటన ఉంటేనే మతం అనే వాళ్లకు, మాది ఆ లెక్కలోకి రాదు అని చెప్పడం. తెలివైన జవాబే. కాకపోతే ఆ జీవన విధానంలో కొందరు గుడి బయటే నిలబడాలన్న నియమం కూడా ఉంది. ఆక్స్‌ఫర్డ్ శ్రోతలకు అది పట్టే సంగతి కాదు. ఇక్కడివాళ్లకు పట్టింది.

అప్పటికి ప్రభుత్వానికీ ఈ తలనొప్పి పాతదే. క్రైస్తవ ప్రభుత్వం హిందూ గుళ్లు నడపడమేమిటని ఇంగ్లండులో గోల చేస్తే, ఈస్టిండియా కంపెనీ చేతులు దులుపుకుని 1843లో తిరుమల నిర్వహణను హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా వాళ్లదే పెత్తనం. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే జరిగిన జనాభా లెక్కల కోసం కమిషనర్ గైట్ ఒక సర్క్యులర్ పంపాడు. హిందువులుగా రాసుకుంటున్నవాళ్లలో వేదాలను ఒప్పుకోనివాళ్లు ఎవరు, బ్రాహ్మణ పురోహితుడు రాని ఇళ్లెవరివి, గుడి లోపలికి ప్రవేశం లేనివాళ్లెవరు, శవాన్ని పూడ్చేవాళ్లెవరు, గొడ్డుమాంసం తినేవాళ్లెవరు అని విడిగా లెక్కతీయమన్నాడు. ఆ ప్రశ్నలు మన పల్లెల్లో సూటిగా అడిగితే సగం ఊరు తేలిపోయేది. హిందూ నాయకులు మండిపడ్డారు. సీట్లు సంఖ్యను బట్టి వచ్చే రోజులు మొదలయ్యాయి మరి. లెక్కకు అందరూ కావాలి, గుడిలోకి మాత్రం అందరూ వద్దు.

ఆ రెండు నాల్కల ధోరణి మీద దెబ్బపడింది 1947లో. అప్పుడు మనం భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలోనూ, బొంబాయిలోనూ దళితుల ఆలయ ప్రవేశానికి చట్టాలొచ్చాయి. మరుసటి ఏడు అహ్మదాబాదులో స్వామినారాయణ సంప్రదాయానికి చెందిన సత్సంగులు కోర్టుకెక్కారు. దళిత నాయకుడు ముల్‌దాస్ వైశ్య తన అనుచరులతో గుడిలోకి వస్తానన్నారని వాళ్ల భయం. చట్టం హిందూ ఆలయాలకే వర్తిస్తుంది, మాది హిందూమతమే కాదు, వేరే మతం అన్నది వాళ్ల వాదన. ఈ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 1966 జనవరి అయింది.

తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్. వీళ్లు హిందువులా కాదా అని తేల్చాలంటే ముందు హిందూ అంటే ఏమిటో చెప్పాలి. రాధాకృష్ణన్‌ను ఉటంకించారు, వేదప్రామాణ్యంతో మొదలయ్యే తిలక్ నిర్వచనాన్ని తెచ్చారు, ఒక ప్రవక్తా ఒక దేవుడూ లేని దీన్ని స్థూలంగా జీవన విధానం అనొచ్చన్నారు. కాబట్టి సత్సంగులూ అందులోవాళ్లే, తలుపు తీయాల్సిందే. మిషనరీలకు జవాబుగా పుట్టిన మాట అక్కడ దళితుడికి తాళంచెవి అయింది. ఈ మాట చేసిన పనుల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. వాట్సాప్‌లో తిరిగే తీర్పు ముక్కల్లో ముల్‌దాస్ పేరు మాత్రం కనబడదు.

1995 డిసెంబరు నాటి తీర్పు ఇంకా ఎక్కువ తిరుగుతుంది. బొంబాయిలో 1987 ఉప ఎన్నికలో శివసేన తరఫున గెలిచిన రమేశ్ ప్రభు కేసు అది. హిందుత్వ అన్న మాట వాడినంత మాత్రాన మతం పేరుతో ఓటడిగినట్టు కాదు, అది జీవన విధానాన్ని సూచించవచ్చు అని జస్టిస్ జె.ఎస్. వర్మ రాశారు. అయితే ఆ కేసులో ప్రభు గెలవలేదు. ప్రసంగాలు మతం పేరుతో ఓటడిగినవేనని, ఎన్నిక రద్దు సరైనదేనని కోర్టు తేల్చింది. తీర్పు గుర్తుంది గానీ ఫలితం ఎవరికీ గుర్తులేదు.

మూడు నెలలు తిరిగేసరికి వాదం తిరుమల కొండెక్కింది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1987లో తెచ్చిన దేవాదాయ చట్టం అర్చకుల వారసత్వ హక్కును రద్దు చేసింది. తిరుమలలో పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ కుటుంబాలవి తరతరాల మిరాశీలు, అంటే వారసత్వ హక్కులు. వంతుల ప్రకారం కైంకర్యం, ప్రసాదాల్లో వాటా ఉండేవి. తిరుమల ప్రధానార్చకులు ఎ.ఎస్. నారాయణ దీక్షితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆలయ పూజావిధానం చెప్పే వైఖానస ఆగమం ప్రకారం ఆ వంశంలో పుట్టినవాడే మూర్తిని తాకాలి, అందులో వేలుపెడితే మతస్వేచ్ఛను భంగపరచడమే అన్నది వాదన.

1996 మార్చిలో తీర్పొచ్చింది. జస్టిస్ కె. రామస్వామి మతం గురించీ ధర్మం గురించీ పేజీలకు పేజీలు రాసి, ఆచరణలో ఒక గీత గీశారు: పూజ ఎలా చేయాలన్నది ఆగమం చెబుతుంది, అది మతం. పూజారిగా ఎవరిని పెట్టాలన్నది లౌకిక వ్యవహారం, ప్రభుత్వం చూసుకోవచ్చు. 1972లో తమిళనాడు అర్చకుల కేసులో కోర్టు వేసిన దారే ఇది. మిరాశీలు పోయాయి, అర్చకుల సంక్షేమానికి ఏర్పాట్లు చేయమన్నారు. చిత్రమేమిటంటే, బతుకంతా ధర్మమే అన్న సిద్ధాంతాన్ని నిజంగా నమ్మితే ఆ గీత గీయడం కుదరదు. తాత నుంచి మనవడికి వచ్చే వంతు కూడా జీవన విధానమే కదా. కోర్టుకు అవసరమైన చోట మతం ఇరుకైంది, అవసరమైన చోట విశాలమైంది.

ఇక ఫారం సంగతి. 1990 నాటి నిబంధనల కింద హిందువు కానివాళ్లు తమ మతం పేరు రాసి, వేంకటేశ్వరస్వామి మీద నమ్మకం, గౌరవం ఉన్నాయని సంతకం పెట్టాలి. అబ్దుల్ కలాం పెట్టారు. మిషనరీలు అడిగిన విశ్వాస ప్రకటన, మనకు లేదని రాధాకృష్ణన్ చెప్పిన ఆ ప్రకటనే ఈ ఫారం. క్యూలో నిలబడ్డ హిందువును మాత్రం నీకు నమ్మకం ఉందా అని ఎవరూ అడగరు. వాడు నాస్తికుడైనా లడ్డూ తీసుకుని దిగిరావొచ్చు.

అదే స్వామికి చెల్లెలని చెప్పుకునే తాతయ్యగుంట గంగమ్మకు మే నెల జాతరలో కొండ మీద నుంచి సారె వస్తుంది. ఆ వారమంతా ఊళ్లో వేషాలే. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్ల నామం, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. మాతంగి వేషానికి మీసాలున్న మగవాడు చీర కట్టి, పూలు పెట్టుకుని, బండబూతులు తిడుతూ వీధిలో నడుస్తాడు. తిట్టించుకున్నవాళ్లు నవ్వుకుంటారు. ఫారం లేదు, ఆగమం లేదు. తిలక్ చెప్పిన వేదప్రామాణ్యమూ ఇక్కడ ఎవరికీ గుర్తుకు రాదు. జీవన విధానం అన్న మాట అతికినట్టు సరిపోయేది ఇక్కడే. ఏ తీర్పులోనూ గంగమ్మ లేదు.

1995 నాటి తీర్పును తిరగదోడమని అడిగితే 2016 అక్టోబరులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జోలికి వెళ్లనంది. 2017 జనవరి 2న నాలుగు-మూడు తేడాతో ఇచ్చిన తీర్పులో, అభ్యర్థి మతం పేరుతోనే కాదు, ఓటరు మతం పేరుతో ఓటడిగినా తప్పేనని మాత్రం చెప్పింది. 2019 నవంబరులో శబరిమల రివ్యూ సందర్భంగా విస్తృత ధర్మాసనానికి పంపిన ప్రశ్నల్లో ఒకటి, రాజ్యాంగం 25వ అధికరణంలో ఉన్న హిందువుల వర్గాలు అంటే ఎవరు అన్నది. 1948లో సత్సంగులు కోర్టుకు తెచ్చిన పేచీ దాదాపు ఇదే.