జీపు టబ్బు మార్పించే ముందు: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో పాత జీపు ఉన్నవాళ్లని ఇంజన్ కంటే బాడీయే ఎక్కువ ఏడిపిస్తుంది. ఇంజన్ సామాను కావాలంటే పుదుపేటలో ఓపిగ్గా తిరిగితే ఏదో ఒక కొట్టులో దొరుకుతుంది. టబ్బు, అంటే ఫ్లోరూ పక్క రేకులూ కలిసిన జీపు బాడీ, సంగతి అలా కాదు. సముద్రపు గాలిలోని ఉప్పు, ఏడాది పొడవునా ఉక్కపోత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కలిసి రేకును లోపలి వైపు నుంచి తినేస్తాయి. సముద్రం పక్కనున్న తిరువాన్మియూరు, బెసెంట్ నగర్ నుంచి వచ్చిన బండి ఏదో, సముద్రానికి దూరంగా ఉన్న అంబత్తూరు నుంచి వచ్చిన బండి ఏదో ఫ్లోరు చూసి చెప్పేయొచ్చు.

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి కూడా మనవాళ్లు తాతల నాటి బండ్లు లారీ మీద ఎక్కించుకుని మా టింకరింగ్ షెడ్డుకి తెస్తుంటారు. ఆ బండి మీద వాళ్లకున్న ప్రేమ చూస్తే ముచ్చటేస్తుంది. ఖర్చుకు వెనకాడరు, కానీ చాలామంది ఆ డబ్బు పెట్టకూడని చోట పెడతారు. టబ్బు పాడైందంటే నీళ్లు ఎక్కడో చేరి నిలిచాయని అర్థం. ఆ చోటు పట్టుకోకుండా కొత్త టబ్బు ఎక్కిస్తే, అదీ అక్కడే పోతుంది.

అపోహ: రూపాయి బిళ్లంత చిల్లే కదా, ప్యాచ్ కొట్టి పుట్టీ పెడితే సరి

జీపు ఫ్లోరు కింద టోపీ ఆకారంలో మడిచిన చానళ్లు అడ్డంగా ఉంటాయి. ఫ్లోరుకు బలం వాటి వల్లే వస్తుంది, టబ్బు చాసిస్ (బండి కింది ఇనప చట్రం) మీద కూర్చునేదీ వాటి మీదే. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ బండ్లలో ఈ చానళ్ల లోపల కర్ర కూడా బిగించారు. కర్ర నీళ్లు పీల్చుకుని వదలదు. పైన ఫ్లోరు ఎండినా లోపల చానల్ తడిగానే ఉంటుంది.

దీనికి తోడు తుప్పు గుణం ఒకటుంది. అది ఎంత ఇనుము నుంచి పుట్టిందో దానికి కొన్ని రెట్లు చోటు ఆక్రమిస్తుంది. స్పాట్ వెల్డ్ కొట్టిన రెండు రేకుల మధ్య తుప్పు మొదలైతే ఉబ్బి ఉబ్బి రేకులను విడదీసి, వెల్డ్‌ను కూడా ఊడగొడుతుంది. కాబట్టి పైన రూపాయి బిళ్లంత చిల్లు కనబడేసరికి కింద చానల్ చాలావరకు పొడైపోయి ఉంటుంది. ఆ చిల్లు మీద ప్యాచ్ వేస్తే, వెల్డింగ్ పట్టుకోవడానికి గట్టి ఇనుమే ఉండదు. పుట్టీ సంగతి మరీ అన్యాయం. అది నీళ్లను ఆపదు, కింద నుంచి వచ్చిన తేమను పీల్చుకుని పెయింటును పొక్కులు పొక్కులుగా లేపుతుంది.

సీట్లు, మ్యాట్లు తీసేసి, చిన్న సుత్తితో ఫ్లోరంతా కొట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖంగుమంటుంది. పోయిన రేకు దబ్ దబ్‌మని మెత్తగా పలుకుతుంది. ఆ చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కితే లోపలికి దిగిపోతుంది, ఎర్రటి పొరలు పొరలుగా రాలుతుంది. ముఖ్యంగా చూడాల్సిన చోట్లు: పెడళ్ల మూల, డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంట, వెనక చక్రం ఆర్చి ఫ్లోరును కలిసే అంచు, వెనక మూలల్లో టూల్ బాక్సుల అడుగు, డ్యాష్ కింద కౌల్ (ఇంజన్‌కీ, మనం కూర్చునే చోటుకీ మధ్య అడ్డంగా ఉండే రేకు) ఫ్లోరును తాకే గీత. ట్యాంకు గుంటలో నీళ్లు పోవడానికి రంధ్రాలున్నా వాటిని ఎండిన బురద మూసేసి ఉంటుంది.

ఇవన్నీ చూశాక నా లెక్క ఇది. చానళ్లు, కౌల్ అడుగు గట్టిగా ఉంటే ఫ్లోరు మాత్రమే మార్చండి, టబ్బు జోలికి వెళ్లొద్దు. చానళ్లు పోయి కౌల్ బాగుంటే, కౌల్ ఉంచుకుని మిగతాది కట్టించవచ్చు. పని ఎక్కువే, కానీ ఫ్యాక్టరీ ప్రెస్‌లో పుట్టిన కౌల్‌కి ఉన్న ఖచ్చితత్వం చేత్తో చేసినదానికి రావడం కష్టం. కౌల్ కూడా పోతేనే మొత్తం టబ్బు మార్చాలి.

అపోహ: వీల్‌బేస్ 80 అంగుళాలైతే అన్నిటికీ ఒకే టబ్బు

విల్లీస్ జీపు మోడళ్లయిన ఎంబీ, సీజే-2ఏ, సీజే-3ఏ, సీజే-3బీ నాలుగింటికీ ముందు వెనక చక్రాల మధ్య దూరం, అంటే వీల్‌బేస్ 80 అంగుళాలే. అక్కడితో పోలిక ఆగిపోతుంది. యుద్ధపు ఎంబీకి వెనక తెరుచుకునే డోర్ లేదు, ఆ రేకు మీదే స్టెప్నీ వేలాడుతుంది. 1945లో వచ్చిన సీజే-2ఏకి వెనక డోర్ పెట్టి, స్టెప్నీని పక్కకు మార్చారు. మహీంద్రా వారు మన దేశంలో చాలా ఏళ్లపాటు తయారు చేసిన సీజే-3బీలో ఎఫ్-హెడ్ అనే రకం ఇంజన్ ఎత్తు ఎక్కువ. అందుకే బోనెట్టూ, దానికి తగ్గట్టు కౌలూ పైకి లేచి ఉంటాయి. సీజే-3బీ చాసిస్ మీద ఎంబీ టబ్బు పెట్టాలని చూస్తే బోనెట్ ఎక్కడా కలవదు.

ఇంకో సంగతి స్టీరింగు వైపు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చే రెప్లికా టబ్బులు చక్కగా ఉంటాయి, కానీ సాధారణంగా ఎడమ స్టీరింగు బండ్ల కోసం చేసినవి. సైన్యం వదిలేసిన ఎంబీలకు అవి సరిపోతాయి. మన కుడి స్టీరింగు బండికి పెడితే పెడళ్ల కంతలు, స్టీరింగు కాలమ్ కంత, ట్యాంకు గుంట అన్నీ అటువైపుకి పోతాయి. హర్యానాలోని మండీ డబ్వాలీ జీపులు కట్టడానికి పేరున్న ఊరు. అక్కడ చేయించేటప్పుడు మోడలు పేరు మాత్రం చెప్పి ఊరుకోకండి, మీ పాత టబ్బు కొలతలు, ఫొటోలు పంపండి. ఇక జోంగా పూర్తిగా వేరే జాతి. నిస్సాన్ కంపెనీ వారి ‘పాట్రోల్’ అనే బండి ఆధారంగా జబల్‌పూర్‌లో 1969 నుంచి తయారైన బండి అది, జీపు టబ్బుతో దానికి సంబంధమే లేదు.

అపోహ: తలుపులే లేని బండికి ఫిట్టింగ్ ఏముంది? దించి బోల్టులు బిగించడమే

ఎక్కువ బండ్లు పాడయ్యేది ఈ మాట దగ్గరే. తలుపులు లేకపోయినా గ్రిల్లు, మడ్‌గార్డులు, బోనెట్, విండ్‌షీల్డ్ ఫ్రేము అన్నీ కౌల్‌ను ఆధారం చేసుకునే నిలబడతాయి. కౌల్ అర అంగుళం వంకరగా కూర్చుంటే బోనెట్ ఒక వైపు ఒరుసుకుంటుంది, ఇంకో వైపు వేలు దూరేంత సందు వస్తుంది, ఆ సందులోంచే వాన నీళ్లు దిగుతాయి.

పాత టబ్బు లేపకముందే పని మొదలవ్వాలి. కాలు పెట్టి ఎక్కే చోట అటూ ఇటూ పైపో యాంగిలో అడ్డంగా వెల్డ్ చేయండి. పక్క రేకులను పట్టి ఉంచేది ఫ్లోరే, అది పోయాక టబ్బును లేపితే రెండు పక్కలూ విచ్చుకుంటాయి, ఇక కొలతలకు విలువ ఉండదు. కొలతలన్నీ బండి మీద ఉండగానే రాసుకోండి: కౌల్ నుంచి గ్రిల్లుకి, కాలమ్ కంత నుంచి చాసిస్‌కి, గేర్ లివర్, ట్రాన్స్‌ఫర్ కేసు (నాలుగు చక్రాలకూ శక్తి పంచే పెట్టె) లివర్ల కంతలు ఎక్కడున్నాయో.

టబ్బు లేచాక చాసిస్‌ను సమతలంగా స్టాండ్ల మీద పెట్టి మూల నుంచి మూలకు టేపు పట్టండి. ముందు కుడి స్ప్రింగు హ్యాంగరు నుంచి వెనక ఎడమ హ్యాంగరుకి, తర్వాత ముందు ఎడమ నుంచి వెనక కుడికి. రెండు కొలతలూ కలవాలి. కలవకపోతే చాసిస్ వంగింది. దాన్ని సరిచేయకుండా ఎంత మంచి టబ్బు తెచ్చినా కూర్చోదు. చాసిస్‌ను బాగా తోమించి, హ్యాంగర్ల దగ్గర పగుళ్లున్నాయేమో చూసుకోవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు.

కొత్త టబ్బు వచ్చిన రోజే పెయింటు కొట్టించాలని అందరికీ తొందరగా ఉంటుంది. "అన్నా, రంగు పడితే చూడాలని ఉంది" అని ఫోన్లు చేస్తారు. ఆ సంబరం నాకూ తెలుసు, అయినా ఆగమనే చెబుతాను. ముందు రంగు లేకుండా చాసిస్ మీద కూర్చోబెట్టాలి. గ్రిల్లు, మడ్‌గార్డులు, బోనెట్, విండ్‌షీల్డ్, స్టీరింగు, లివర్లు అన్నీ వదులుగా బిగించి చూసుకోవాలి. కోతలు, వెల్డింగులు, కంతలు ఈ దశలోనే అయిపోవాలి. ఆ తర్వాత మళ్లీ దించి, అడుగు భాగానికి పూర్తిగా ప్రైమరు, పెయింటు వేసి, అప్పుడు ఎక్కించాలి. పెయింటు అయ్యాక పెట్టిన ప్రతి డ్రిల్లు కంతా తుప్పుకి తెరిచిన తలుపే.

టబ్బును చాసిస్‌కి బిగించే మౌంటు దగ్గర సందు కనబడితే బోల్టు బిగించి కిందికి లాగకండి. ఆ ఒత్తిడంతా రేకులోకి పోతుంది, కొన్నాళ్లకు కౌల్ మూలలో పగులు వస్తుంది. సందు ఎంతుంటే అంత షిమ్ (పల్చటి బిళ్ల) పెట్టి, అప్పుడు బిగించాలి. రబ్బరు ప్యాడ్లు కొత్తవే వాడండి. పాత టైరు కోసి ముక్కలు పెట్టే అలవాటుంది. రేడియల్ టైరైతే అందులో ఉక్కు తీగలుంటాయి, కోసిన అంచులోంచి నీళ్లు దిగి అవి తుప్పు పట్టి, కొత్త చానల్‌కి తుప్పు అంటిస్తాయి.

అపోహ: ట్యాంకు ఖాళీ చేశాం, ఇక వెల్డింగ్ పెట్టొచ్చు

దీన్ని దయచేసి ఎవరూ నమ్మొద్దు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. పెట్రోలు పోయినా ఆవిరి లోపలే ఉంటుంది, గాలితో కలిసి పేలడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ బండ్లలో ట్యాంకు డ్రైవరు సీటు కిందే, అంటే మనం వెల్డ్ చేసే ఫ్లోరులోనే. ట్యాంకు పూర్తిగా విప్పి షెడ్డు బయట దూరంగా పెట్టండి, పెట్రోలు పైపులు కూడా తీసేయండి, బ్యాటరీ వైర్లు విప్పండి. కుర్రాడు తొందరపడుతుంటే ఆపాల్సింది మనమే.

అపోహ: మందపు రేకైతే తుప్పు పట్టదు, జింకు పూసిన జీఐ రేకైతే అసలే పట్టదు

18 గేజి రేకు మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు, 16 గేజి సుమారు 1.6. ఎనిమిదడుగులు నాలుగడుగుల రేకు 18 గేజిలో దాదాపు 28 కిలోలు తూగితే, 16 గేజిలో 37 కిలోలు. టబ్బు మొత్తానికి ఈ బరువు ఎంత పెరుగుతుందో మీరే లెక్కేసుకోండి. మందం వల్ల చిల్లు పడటం కాస్త ఆలస్యమవుతుందే తప్ప తుప్పు ఆగదు. రేకుకు గట్టిదనం ఎక్కువగా దాని మీద ప్రెస్ చేసిన గాడుల వల్ల వస్తుంది. గాడులు లేని మందపు ఫ్లోరు కంటే, సరైన గాడులూ చానళ్లూ ఉన్న 18 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్, అంటే జింకు పూత లేని మామూలు ఉక్కు) రేకే మేలు. ఎవరైనా "పదహారు గేజి సార్" అని గొప్పగా చెబితే, గాడులు ఉన్నాయా, చానళ్లు ఏ రేకుతో చేశారు అని అడగండి.

జీఐ రేకు మీద ఉండే జింకు మంచిదే. కానీ జింకు 907 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరైపోతుంది, ఉక్కు కరగడానికి దాదాపు 1,500 డిగ్రీలు కావాలి. కాబట్టి వెల్డ్ పడిన ప్రతి చోటా, ఎక్కువ రక్షణ కావాల్సిన అతుకు దగ్గరే, జింకు మిగలదు. పైగా ఆ తెల్లటి పొగ పీలిస్తే వెల్డరుకు ఆ రాత్రి చలీ జ్వరం వస్తాయి. జీఐ మీద మామూలు ప్రైమరు సరిగా పట్టదు, కొన్నాళ్లకు పొరలుగా లేస్తుంది. సీఆర్ రేకు తీసుకుని, అతుకుల మధ్య వెల్డ్-త్రూ జింకు ప్రైమరు వేసి, అంచులకు సీమ్ సీలరు పట్టిస్తే ఫలితం బాగుంటుంది.

ఫైబర్ టబ్బు తుప్పు పట్టదు, నిజమే. కానీ మౌంటు కంతల దగ్గర చీలుతుంది. రేకు టబ్బులో లైట్లకు ఎర్త్ బాడీ నుంచే వస్తుంది, ఫైబర్‌లో ప్రతి లైటుకీ వేరే ఎర్త్ వైరు లాగాలి. పాత బండి విలువ తెలిసినవాళ్లకి నేను దాన్ని సిఫారసు చేయను.

ల్యాండ్ రోవర్ పెట్టుకున్నవాళ్లు "మాది అల్యూమినియం బాడీ" అని ధీమాగా ఉంటారు. 1948 నుంచి పై రేకులు అల్యూమినియం మిశ్రమమే, కానీ బల్క్‌హెడ్, చాసిస్ ఉక్కువి. రెండు లోహాలూ కలిసే చోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం కూడా తెల్లటి పొడిగా రాలిపోతుంది.

అపోహ: రెడాక్సైడ్ కొట్టి, అడుగున నల్ల కోటింగు వేస్తే జీవితకాలం గ్యారంటీ

రెడాక్సైడ్ మీద పై పెయింటు లేకపోతే తేమ దాని గుండా లోపలికి దిగుతుంది. తుప్పు మీదే నల్ల తారు కోటింగు వేస్తే తుప్పు కనబడకుండా పోతుంది, అంతే. కోటింగు ఒకచోట పగిలితే నీళ్లు లోపల చేరి బయటికి రావు. తుప్పు తీసే రసాయనాలు పని చేస్తాయి కానీ పల్చటి పై తుప్పు మీదే. పొరలు లేచిన తుప్పును గ్రైండరుతో గాని, ఇసుకను గాలితో చిమ్మే బ్లాస్టింగుతో గాని తీయాల్సిందే. బ్లాస్టింగు పల్చటి రేకును వంచేయొచ్చు కాబట్టి చేయి తిరిగినవాడికే ఇవ్వండి. ఇసుక ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది, ఆ పని చేసేవాళ్లకు మాస్కు ఇప్పించడం మన బాధ్యత.

చెన్నైలో తోమిన రేకును రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకే దాని మీద పసుపు ఎరుపు మచ్చలు కనబడతాయి. తోమిన రోజే ఎపాక్సీ ప్రైమరు పడాలి. వానాకాలంలో పెయింటు పెట్టుకోకపోవడం ఉత్తమం, తప్పకపోతే కంప్రెసరు లైనులో నీటి ట్రాపు ఉందో లేదో చూడండి. చానళ్ల లోపలికి గన్ను అందదు కాబట్టి అన్నీ బిగించాక క్యావిటీ వ్యాక్సు (లోపలి ఖాళీల్లో పట్టించే మైనం) గొట్టంతో లోపలికి కొట్టించండి. డ్రెయిను రంధ్రాలు మాత్రం మూయకండి.

2015 డిసెంబరు వరదల్లో మునిగిన బండ్లకు పైన రంగు మెరుస్తున్నా చానళ్లలో ఒండ్రు మట్టి గట్టిపడి ఉండొచ్చు. ఈ నగరంలో పాత జీపు కొనేవాళ్లు ఆ వరదలో అది ఎక్కడుందో తప్పకుండా అడగాలి.

అపోహ: టబ్బు మారిస్తే ఆర్‌సీ పోతుంది

ఆర్‌సీకి ఆధారం చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు. చాసిస్ మార్చకుండా, అదే ఆకారం టబ్బు పెడితే ఆ నంబర్లు అలాగే ఉంటాయి. కానీ ఆర్‌సీలోని వివరాలకు సరిపడని మార్పులు చేయకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. టబ్బును పొడవు చేయించినా, సీట్లు పెంచినా చిక్కే. రంగు మారిస్తే ఆర్‌టీవో ఆఫీసులో నమోదు చేయించాలి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వేరే నంబరు సిరీస్ ఇస్తారు, ఫీజు 20,000 రూపాయలు. అందుకు బండి అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లో మార్పులు చేసి ఉండకూడదు. ఆ ఆలోచన ఉన్నవాళ్లు టబ్బును ముట్టుకునే ముందే ఆర్‌టీవోలో అడిగి తెలుసుకోండి. పని మొదలుపెట్టక ముందు, చేసేటప్పుడు, అయ్యాక ఫొటోలు తీసి పెట్టుకోండి.

అపోహ: పాత టబ్బు తుక్కే, కిలో లెక్కన అమ్మేయొచ్చు

కొత్తది పూర్తిగా బిగిసి, బండి రోడ్డు మీద నాలుగు వానలు చూసేదాకా పాతది షెడ్డు దాటకూడదు. బ్రాకెట్టు ఎక్కడుందో, స్ట్రాప్ కొక్కెం ఎంత ఎత్తులో ఉందో చెప్పేది అదొక్కటే. అమ్మే ముందు డ్యాష్ మీది డేటా ప్లేట్లు, టూల్ బాక్సు మూతలు, పిడులు, కొక్కేలు, విండ్‌షీల్డ్ బిగించే క్లాంపులు తీసి ఉంచుకోండి. డేటా ప్లేట్ల రివెట్లను వెనక నుంచి మెల్లగా డ్రిల్ చేయండి. ముందు నుంచి ఉలి పెట్టి కొడితే ప్లేటు వంగుతుంది.