నీటి పరీక్ష ఫలితం ఎవరి చేతికి వెళ్తుంది?

1850లో ఆర్థర్ హిల్ హస్సాల్ అనే వైద్యుడు లండన్ కంపెనీలు సరఫరా చేసే నీళ్లను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. కనబడిన జీవులన్నిటి బొమ్మలూ అచ్చువేయించాడు. అది అంకెలు తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యే నివేదిక. జనం హడలిపోయారు.

ఆ తర్వాత నివేదికలు అంకెల్లోకి, అక్కణ్ణుంచి అధికారుల బల్లల మీదికి వెళ్లిపోయాయి. 1865 నుంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్ లండన్ నీటిని నెలనెలా పరీక్షించి జనన మరణాల లెక్కలు చూసే అధికారి అయిన రిజిస్ట్రార్ జనరల్‌కు లెక్కలు పంపేవాడు. అవి అచ్చయ్యేవి కూడా. కానీ నైట్రోజన్ ఎంతుందో చూసి ఈ నీళ్లు తాగొచ్చో లేదో చెప్పగల గృహస్థు ఎవరు?

1885లో ఎషరిక్ అనే వైద్యుడు పేగుల్లో ఉండే ఒక బ్యాక్టీరియాను వర్ణించాక పరీక్ష తీరే మారింది. ఇప్పుడు ఈ.కోలి అంటున్నది దాన్నే. ఒక్కో రోగక్రిమినీ వెతికే పని తప్పింది: ఇది నీళ్లలో ఉందంటే మలం కలిసినట్టే. చిక్కల్లా కాలంతోనే. క్రిమి పెరిగి కంటికి ఆనడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఫలితం వచ్చేసరికి ఆ నీళ్లు ఎవరో తాగేసి ఉంటారు. అందుకే వచ్చిన ఫలితాన్ని ఇంకొక్క పూట కూడా ఆపకూడదు.

ఆపితే ఏమవుతుందో 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ చూసింది. అయిదు వేల లోపు జనాభా ఉన్న ఊరు. పెద్ద వానకు పశువుల పేడ కొట్టుకొచ్చి ఒక బోరుబావిలోకి దిగింది. 15న తీసిన నమూనాల్లో ఈ.కోలి ఉందని 17నే ల్యాబ్ ఫ్యాక్స్ పంపింది, అదీ నీళ్లిచ్చే సంస్థకు మాత్రమే. 1996లో ఈ పరీక్షలు ప్రైవేటు ల్యాబుల చేతికి వెళ్లాయి. ఆరోగ్య శాఖకు కూడా చెప్పాలని వాటిని కట్టడి చేసే నిబంధన అప్పటికి ఒక్కటీ లేదు. జబ్బులు చూసి అనుమానం వచ్చి ఆరోగ్య అధికారులు ఆరా తీస్తే, నీళ్లు బాగానే ఉన్నాయని సంస్థ మేనేజరు చెప్పాడు. కాచి తాగమన్న హెచ్చరిక 21న వెలువడింది. ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. చెడ్డ ఫలితాన్ని ల్యాబే నేరుగా ఆరోగ్య అధికారికి చెప్పి తీరాలన్న నిబంధన ఆ ఏడాదే ఆగస్టులో వచ్చింది.

అమెరికాలో తాగునీటికి జాతీయ ప్రమాణం 1914లో పుట్టింది. అదీ రాష్ట్రాల మధ్య తిరిగే రైళ్ల ప్రయాణికుల కోసం! ఇళ్లలో ఉండేవాళ్లకు వార్షిక నివేదిక ఇవ్వాలని 1996లో చట్టాన్ని సవరించారు. తొలి నివేదికలు 1999లో అందాయి. అయితే అందులో ఉండేది గడిచిపోయిన ఏడాది లెక్క. ఊరంతటి కుళాయిల లెక్కే తప్ప మన కుళాయి సంగతి కాదు. పైగా సీసం (లెడ్) అనే విషలోహం ఎక్కువగా ఇళ్ల పైపుల్లోంచే దిగుతుంది.

అందుకే సీసం విషయంలో ఏ ఇళ్ల నమూనాలు తీశారన్నదే ముఖ్యం. 2015లో అమెరికాలోని ఫ్లింట్ అనే ఊళ్లో 71 ఇళ్ల నమూనాలు లెక్కకొచ్చాయి. నూటికి తొంభై ఇళ్ల ఫలితాలు ఏ అంకెకు లోబడితే దాన్నే ఊరి అంకెగా తీసుకుంటారు. అది లీటరుకు 15 మైక్రోగ్రాములు దాటితే జనానికి చెప్పాలన్నది అప్పటి నిబంధన. దాటింది. ఎక్కువ సీసం ఉన్న రెండు నమూనాలను అధికారులు లెక్కలోంచి తీసేశారు. అంకె 11కు దిగింది.